కదలని పురుగు: పొరల ఛాయాచిత్రంలో సత్యం, హింస

ఆరుద్ర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడితే చొప్పదండి చుట్టుపక్కల చెల్క నేలల్లో ఎర్రని పురుగులు బయటపడతాయి. మఖమలు ముద్దలాంటి ఆ జీవిని జనం ఆరుద్ర పురుగు అంటారు. సంస్కృత కవులూ, వారి వెంట తెలుగు ప్రబంధ కవులూ దాన్ని ఇంద్రగోపం అన్నారు. వర్షర్తు వర్ణనల్లో అది పచ్చిక మీద చల్లిన కెంపుగానో పగడంగానో కనిపిస్తుంది. కవి చూసింది నిలుచున్న మనిషి కంటి ఎత్తు నుంచి. ఆ ఎత్తు నుంచి చూస్తే దానికి రంగు ఉంది, మెత్తదనం ఉంది, ఋతువుతో చుట్టరికం ఉంది. కాళ్ళ లెక్క మాత్రం లేదు. అదే జీవిని ఇంటి గదిలో బల్ల మీద ఉంచి, సూక్ష్మదర్శిని కటకం బిగించిన కెమెరాతో పొరలు పొరలుగా చిత్రించి, ఆ పొరలను కంప్యూటర్‌లో ఒకటిగా కూర్చితే ఎనిమిది కాళ్ళు కనిపిస్తాయి. అంటే శాస్త్రార్థంలో అది కీటకం కాదు, సాలీళ్ళ వర్గానికి చెందినది. మఖమలు అనుకున్నది దట్టమైన ఎర్రటి నూగుగా విడిపోతుంది.

తెలుగు మాట ‘పురుగు’ ఈ వర్గీకరణ ఇబ్బందిని ఎరగదు. ఆరు కాళ్ళదీ, ఎనిమిది కాళ్ళదీ, కాళ్ళే లేనిదీ అందులో ఇమిడిపోతాయి. పాము పేరెత్తడానికి వెరచి ‘పురుగు ముట్టింది’ అనే వాడుక పల్లెల్లో ఉన్నదే. ఇక్కడ ఆ మాటను పాముదాకా సాగదీయకపోయినా కీటకాలకూ వాటిని పోలిన చిన్న ప్రాణులకూ కలిపి వాడడం సౌకర్యం.

ఫోకస్ స్టాకింగ్ అని ఛాయాగ్రాహకులు పిలిచే ఈ పొరల కూర్పు రెండు ప్రశ్నలను లేవదీస్తుంది. ఏ కన్నూ ఏ క్షణంలోనూ చూడని రూపాన్ని చూపే చిత్రం నిజమా? ఆ చిత్రం కోసం పురుగును కదలకుండా చేయడం న్యాయమా? మొదటిది జ్ఞానమీమాంసకు, రెండోది నీతిశాస్త్రానికి చెందినవని విడదీయడం అలవాటు. ఇక్కడ ఆ విభజన నిలవదు. రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే: నిశ్చలత. చిత్రం దేన్ని దాచి స్పష్టమవుతున్నదో, పురుగు దేన్ని కోల్పోయి చిత్రమవుతున్నదో వెదికితే రెండుచోట్లా దొరికేది అదే.

పొరల కూర్పు

పెద్దదిగా చూపే కటకానికి స్వభావసిద్ధమైన పరిమితి ఒకటి ఉంది. ఎంత పెద్దది చేస్తే స్పష్టంగా కనబడే లోతు అంత తగ్గుతుంది. న్యూమరికల్ ఎపర్చర్ 0.25 ఉన్న పదింతల సూక్ష్మదర్శిని కటకాన్ని కెమెరాకు బిగిస్తే, ఒక చిత్రంలో స్పష్టంగా వచ్చే పొర మందం ఎనిమిది తొమ్మిది మైక్రాన్లు. మనిషి తలవెంట్రుక మందంలో సుమారు ఎనిమిదో వంతు. ఎపర్చర్‌ను కుదించి లోతు పెంచుదామంటే కాంతి వివర్తనం అడ్డువచ్చి చిత్రమంతా మసకబారుతుంది. ఇది పరికరం ఖరీదుకు సంబంధించిన లోపం కాదు. ఎంత డబ్బు పోసినా కాంతి తరంగ స్వభావం మారదు.

అందుకని కెమెరాను సన్నని మరతో నడిచే పట్టాల మీద ఉంచి, అడుగుకు 8 మైక్రాన్ల చొప్పున ముందుకు జరుపుతూ చిత్రాలు తీస్తారు. ముందరి మీసం కొస నుంచి వెనుక భుజందాకా 5 మిల్లీమీటర్ల లోతు ఉంటే 625 చిత్రాలు కావాలి. ఫ్లాష్ మళ్ళీ సిద్ధం కావడానికీ కంపనం ఆగడానికీ చిత్రానికి 3 సెకన్లు పట్టినా అరగంట దాటుతుంది. ఆ అరగంటలో పురుగు కొన్ని మైక్రాన్లు కూడా కదలకూడదు. గదిలో పంకా తిరగకూడదు. వీధిలో లారీ వెళ్తే ఆ వణుకు చిత్రంలోకి వస్తుంది. చొప్పదండిలాంటి ఊళ్ళో ఇంటి వెనుక గదిని ఇలాంటి స్టూడియోగా మార్చుకోవాలంటే పని చేయదగిన వేళ అర్ధరాత్రి దాటాకనే. మిగతా సరంజామా సులభం: వెలుతురు మెత్తబడడానికి తెల్లని ప్లాస్టిక్ గ్లాసు, వెనుకకు ఒక రంగు కాగితం, పురుగును నిలిపే సూది.

హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు తర్వాతి పని చేస్తాయి. ప్రతి చిత్రంలో స్పష్టంగా ఉన్న భాగాన్ని ఏరి, మసకను పారేసి, మిగిలినవాటిని అతుకు కనబడకుండా కలుపుతాయి. ఈ ఏరికలో కూడా పద్ధతి భేదం ఉంది. లోతు పటాన్ని ఆధారం చేసుకునే పద్ధతి రంగునూ ఒంటి గరుకునూ నమ్మకంగా నిలుపుతుంది కాని, ఒకదాని మీదుగా ఒకటి సాగే నూగు దగ్గర తడబడి అంచుల చుట్టూ మసక వలయాన్ని మిగులుస్తుంది. పిరమిడ్ పద్ధతి నూగును చక్కగా విడదీస్తుంది కాని రంగునూ వెలుగునీడల తేడానూ మారుస్తుంది. ఆరుద్ర పురుగు లాంటి దాని దగ్గర రెండోదాన్ని ఎంచుకోక తప్పదు. ఎంచుకుంటే ఆ ఎరుపు కవి చూసిన ఎరుపు కాదు. అతుకు తప్పినచోట ఛాయాగ్రాహకుడు తానే కుంచె పట్టి సరిచేస్తాడు. చిత్రంలోని ప్రతి బిందువు వెనుక ఒక నిర్ణయం ఉందన్నమాట. కొన్ని యంత్రానివి, కొన్ని మనిషివి.

ఈ పద్ధతి ఎంతదూరం పోగలదో బ్రిటిష్ ఛాయాగ్రాహకుడు లెవాన్ బిస్ చూపించాడు. 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో పెట్టిన ‘మైక్రోస్కల్ప్చర్’ ప్రదర్శనకు అక్కడి సేకరణలోని కీటకాలనే తీసుకున్నాడు. ఒక్కో చిత్రంలో సుమారు 8,000 ఛాయాచిత్రాలు కలిశాయి. ఒంటిలోని ఒక్కో భాగానికి వేరువేరుగా వెలుగు అమర్చి తీసి, ఆ భాగాలను తర్వాత కలిపాడు. ఆ పురుగు మీద ఆ వెలుగు మొత్తంగా ఎన్నడూ పడలేదు. అయినా ఆ చిత్రాలు అబద్ధమని ఎవరూ అనలేదు, అనడం సరికాదు కూడా.

ఎందుకు సరికాదంటే, మసక పురుగు గుణం కాదు. అది కటకం గుణం. పురుగు ముందరి మీసమూ వెనుక భుజమూ రెండూ సమానంగానే ఉన్నాయి. ఒకటి ఉండి మరొకటి లేకపోవడం చూపే పరికరం అశక్తత. ఆ అశక్తతను తొలగించిన చిత్రం వస్తువుకు దగ్గరవుతుందే కాని దూరం కాదు. పైగా ఇది కొత్త పద్ధతి కూడా కాదు. 1665లో ‘మైక్రోగ్రాఫియా’ ప్రచురించిన రాబర్ట్ హుక్, ఏ బొమ్మనూ ఒక్క చూపుతో గీయలేదని తన పీఠికలోనే చెప్పుకున్నాడు. వేరువేరు వెలుగుల్లో, వేరువేరు కోణాల్లో పదేపదే చూసి, అసలు ఆకారం ఇదని నిశ్చయించుకున్న తర్వాతనే కలం పట్టాడు. హుక్ బుద్ధిలో జరిగిన కూర్పు ఇప్పుడు యంత్రంలో జరుగుతున్నది. సుప్రసిద్ధమైన అతని ఫ్లీ (flea), పేను బొమ్మలు ఆ అర్థంలో పొరల చిత్రాలే.

నయం, ప్రమాణం

చొప్పదండికి పొరుగున గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడి బండ మీద చక్రేశ్వరినీ జినమూర్తులనూ చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని మూడు కంద పద్యాల వల్ల ఆ గుట్ట తెలుగు ఛందశ్చరిత్రకు ముఖ్యమైంది. తెలుగు శాఖల్లో దాని ప్రస్తావన సాధారణంగా అక్కడితో ఆగుతుంది. ఆ బండ ఏ దర్శనానికి సాక్షిగా నిలిచిందో ఆ దర్శనం ప్రస్తుత విషయానికి మరింత దగ్గరిది. జైనం ఒకవైపు అహింసను అత్యంత సూక్ష్మప్రాణుల వరకూ విస్తరించింది. మరోవైపు ఏ చూపూ పూర్ణం కాదనే అనేకాంతవాదాన్ని నిర్మించింది. పురుగుకు హాని చేయరాదన్న నియమం, పురుగును ఒక కోణం నుంచి చూసి పూర్తిగా చూశామనుకోరాదన్న నియమం ఒకే సంప్రదాయంలో పక్కపక్కన పెరిగాయి.

పొరల చిత్రం అనేకాంతవాదానికి యంత్రరూపమని పైపైన అనిపిస్తుంది. ఒక్కో పొర ఒక్కో నయం, అంటే పాక్షిక దృష్టి. అన్నీ కలిస్తే ప్రమాణం. అంధగజ న్యాయంలోని గుడ్డివాళ్ళ మాటలన్నీ చేర్చి ఏనుగును నిలబెట్టినట్టు. ఈ పోలిక ఆకర్షణీయమైనదే కాని ఒకచోట తప్పుతుంది. జైన తర్కంలో ప్రతి నయమూ ‘స్యాత్’ అనే ముద్రతోనే నిలుస్తుంది: ఒకానొక దృష్టితో చూస్తే ఇది ఇట్లా ఉంది అని. నయాలు కలిసినప్పుడు ఆ ముద్ర చెరిగిపోదు. సాఫ్ట్‌వేర్ చేసే మొదటి పని దాన్ని చెరిపేయడం. ఏ పొర ఎక్కడిదో, ఏది ఎప్పటిదో, ఎక్కడ ఏది పారేశారో చూసేవాడికి తెలియకుండా చేయడమే అతుకు పనితనం. మరో చిక్కు కూడా ఉంది. గుడ్డివాళ్ళ కథలో ఎవరూ అడగని సంగతి, వాళ్ళు తడుముతున్నంతసేపూ ఏనుగు ఏం చేస్తున్నదన్నది. అది తొండం కదిపితే రెండు తొండాల ఏనుగు తయారవుతుంది. పొరల చిత్రంలో పురుగు మీసం కదిపితే జరిగేది అక్షరాలా అదే: మీసం పక్కన మీసం నీడ.

మామూలు ఛాయాచిత్రానికి ఉన్న సత్యం వేరే రకానిది. ‘ఇది అప్పుడు అక్కడ ఉండింది’ అనే సాక్ష్యమే ఛాయాచిత్ర సారమని రొలాఁ బార్త్ 1980లో వాదించాడు. పొరల చిత్రం ‘అక్కడ’ను దక్కించుకుని ‘అప్పుడు’ను పోగొట్టుకుంటుంది. అందులో అరగంట ఉంది, క్షణం లేదు. కాలాన్ని తీసివేయడం బండరాయి చిత్రంలోనైతే పెద్ద నష్టం కాదు. ప్రాణి విషయంలో కాలం అంటే కదలిక. కదలిక అంటే దాని బ్రతుకు. రూపాన్ని నిజంగా చూపిస్తూనే బ్రతుకు గురించి ఏమీ చెప్పని చిత్రం అబద్ధం కాదు. బ్రతుకును కూడా చూపుతున్నట్టు నటిస్తే మాత్రం అవుతుంది.

నిశ్చలత వెల

నటన ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఆ అరగంట నిశ్చలత ఎట్లా సమకూరుతుందో చూడాలి. ఆరుబయట చలికాలపు తెల్లవారుజామున, మంచు పట్టి రెమ్మను పట్టుకుని ఉన్న తూనీగ ఎండ తగిలేదాకా కదలదు. అప్పుడు పొరలు తీయవచ్చు. ఇది పురుగు తనంతట ఇచ్చిన నిశ్చలత. గదిలో అది దొరకదు కనుక కొందరు పురుగును డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో చల్లబరుస్తారు. శీతల రక్త జీవి కనుక నిశ్చేష్టమై, వెచ్చబడ్డాక మళ్ళీ నడుస్తుంది. మరికొందరు ఇథైల్ ఎసిటేట్ ఆవిరితో చంపుతారు. ఇంకొందరు కిటికీ అంచున, వీధిదీపం కింద చచ్చిపడినవాటిని ఏరుకుంటారు. ఎండిన దేహాన్ని తేమ డబ్బాలో ఒకరోజు ఉంచితే కీళ్ళు మెత్తబడతాయి. అప్పుడు దుమ్ము తుడిచి, కాళ్ళు సర్ది, తల కాస్త ఎత్తి, నడవబోతున్నట్టు నిలుపుతారు.

హుక్‌కు ఈ సమస్య అప్పుడే ఎదురైంది. చీమ కాళ్ళను మైనంలో, జిగురులో అంటిస్తే అది ఒళ్ళు మెలితిప్పుకుంది. చంపితే ఆకారం చెడింది. చివరికి దాన్ని సారాయిలో ముంచి మత్తెక్కించాడు. సుమారు గంటసేపు కదలకుండా పడి ఉన్న ఆ చీమ తర్వాత తేరుకుని పరుగెత్తింది. ఆ సంగతంతా అతడు దాచకుండా బొమ్మ పక్కనే రాశాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత తెరల మీద కనబడే పురుగుల చిత్రాల్లో ఎక్కువ వాటికి ఆ పాటి వివరణ ఉండదు.

ఫ్రిజ్ పద్ధతికి చెప్పే సమర్థన ఏమిటంటే పురుగు చావదు, బాధ పడినట్టు కనబడదు. రెండో మాట దగ్గర ఆగాలి. చలి కండరాలను ఆపుతుంది. బాధ కూడా ఆగిందో లేదో కదలని ఒళ్ళు చెప్పలేదు. అసలు చెప్పగల మార్గాన్నే చలి మూసివేసింది. పురుగులకు అనుభూతి ఉందా అన్నది తేలిన ప్రశ్న కాదు. అయితే 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలూ తాత్త్వికులూ సంతకం చేసిన న్యూయార్క్ ప్రకటన, కీటకాలతో సహా అనేక అకశేరుకాలకు చేతనానుభవం ఉండే వాస్తవ సంభావ్యత ఉందనీ, ఉన్నప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం బాధ్యతారాహిత్యమనీ చెప్పింది. భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ‘జంతువు’ అంటే మనిషి కాని ప్రాణి ఏదైనా అని నిర్వచించింది. కాళ్ళ లెక్క అడగలేదు. తత్త్వార్థసూత్రం ఇంకా ముందుకు పోయి క్రిమికి రెండు ఇంద్రియాలు, చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనిషికి అయిదు అని మెట్లు కట్టింది. చీమకు చూపు లేదన్న ఆ లెక్క నేటి జీవశాస్త్రానికి సరిపడకపోవచ్చు. కాని మెట్ల భేదం ఉన్నా అన్నీ ఒకే నిచ్చెన మీద ఉన్నాయన్న గ్రహింపు అందులో ఉంది.

మాండవ్యుడి కథ

పురుగుకు సూది గుచ్చడం గురించి తెలుగు సాహిత్యం తన తొలి మహాకావ్యంలోనే విచారించింది. భారతం ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానం అందరికీ తెలిసినదే. మాండవ్యుడు మౌనవ్రతంలో ఆశ్రమంలో ఉండగా దొంగలు రాజధనంతో వచ్చి అక్కడ దాగారు. రాజభటులు అడిగితే ముని పలకలేదు. అతడినీ దొంగల్లో కలిపి శూలం ఎక్కించారు. ప్రాణం పోలేదు. రాజు తప్పు తెలుసుకుని దింపించాడు కాని శూలం ఊడిరాలేదు. కోసివేయగా కొన ఒంట్లో మిగిలి అతడు ఆణిమాండవ్యుడయ్యాడు. ఏ పాపానికి ఈ ఫలమని యమధర్మరాజును అడిగితే, చిన్ననాడు ఎగిరే పురుగులను పుల్లలతో గుచ్చినందుకని సమాధానం వచ్చింది. అల్పమైన తప్పుకు ఇంత దండనా అని ముని శపించగా ధర్ముడు విదురుడై పుట్టాడు. పధ్నాలుగేళ్ళ లోపు చేసినది పాపంగా లెక్కకు రాకూడదన్న కట్టుబాటు కూడా మునే చేశాడు.

ఈ కథను సాధారణంగా విదురుడి జన్మకారణంగా చదువుతారు. పురుగు వైపు నుంచి చదివితే దానిలో మూడు సంగతులు బయటపడతాయి. పురుగు బాధ ధర్ముడి లెక్కలో పద్దుగా ఉంది. మాండవ్యుడు ఆ పద్దును కొట్టివేయమనలేదు; దండన పరిమాణాన్నీ, తెలియని వయసునూ మాత్రమే ప్రశ్నించాడు. మూడోది ప్రస్తుతానికి ఎక్కువ ముఖ్యం: మాండవ్యుడికి జరిగిన అన్యాయం మొదలైంది అతడి నిశ్చలత నుంచే. పలకని మునిని చూసి భటులు నేరం ఒప్పుకున్నాడనుకున్నారు. కదలని దేహానికి చూసేవాడు తన అర్థాన్ని ఇచ్చుకున్నాడు. చల్లబరిచిన పురుగు ‘బాధపడడం లేదు’ అనే ఛాయాగ్రాహకుడి వాదం ఆ భటుల వాదానికి భిన్నమైనది కాదు.

పిల్లల ఆట సంగతి కూడా ఇక్కడే వస్తుంది. తుమ్మ చెట్ల మీద దొరికే జీరంగిని, బంగారు పురుగు అని కూడా పిలిచేదాన్ని, అగ్గిపెట్టెలో ఆకులు వేసి పెంచడం, దారం కట్టి ఎగరేయడం ఒక తరం పల్లె పిల్లలకు తెలిసిన వినోదం. మాండవ్యుడి కట్టుబాటు వాళ్ళకు రక్ష. మైక్రాన్ల లెక్కన పట్టాలు నడిపే పెద్దవాడికి ఆ రక్ష లేదు. అతడికి తెలియదనడానికి వీల్లేదు. తెలుసుకోవడమే అతడి పని.

ఆక్షేపం

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపం వస్తుంది. చొప్పదండి చుట్టూ పత్తి చేలు ఉన్నాయి. పురుగుల మందు ఒక్క పూట కొడితే చచ్చే ప్రాణుల ముందు స్టూడియోలో ఒక పురుగు ఎంత? మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల దసలి పట్టు కోసం కాయలోని ప్యూపాను వేడితో చంపడం తరతరాల జీవనోపాధి. వాటిని వదిలి ఒక ఛాయాగ్రాహకుడిని నిలదీయడం తగునా?

జైన గృహస్థ ధర్మ చర్చలు హింసను నాలుగు విధాలుగా విడదీశాయి: ఇంటి పనుల్లో తప్పనిది ఆరంభి, వృత్తిలో తప్పనిది ఉద్యోగి, ఆత్మరక్షణలోది విరోధి, కావాలని చేసేది సంకల్పి. గృహస్థు మొదటి మూడింటినీ తగ్గించుకోవాలి, నాలుగోదాన్ని పూర్తిగా మానాలి. రైతు మందు కొట్టడం రెండో కోవలోది. ఆ మందు పురుగుతోపాటు మనిషి ప్రాణం కూడా తీస్తున్న నేలలో దాన్ని తేలిక మాటగా అనడానికి లేదు. అయినా ఆ హింసకు అవసరం అనే సమాధానం ఉంది. పట్టు రీలింగుకూ అంతే. చూడాలనే కోరిక కోసం చంపినప్పుడు ఆ సమాధానం దొరకదు. సంఖ్య చిన్నదే, సంకల్పం మాత్రం నగ్నంగా ఉంది. కొత్త జాతికి పేరు పెట్టే శాస్త్రవేత్తకు నమూనా తప్పనిసరి. అతడి పని వృత్తి హింసలోకి వస్తుంది. శాస్త్రవేత్త చెప్పే కారణాన్ని అతడి బాధ్యత లేనివారు అరువు తెచ్చుకోవడం తరచు జరిగేదే.

మరో సమర్థన ఉంది, అది కొట్టివేయదగినది కాదు. ఇలాంటి చిత్రం చూసిన తర్వాత మనిషి పురుగును చెప్పుకాలితో నలపడానికి సంకోచిస్తాడు. ఇంతవరకు చుక్కలా కనబడినదానికి మొహం వచ్చింది. ఇది నిజం. అయితే ఆ మొహంలో మనం చదివేది ఎంత, అక్కడ ఉన్నది ఎంత అన్నది వేరే లెక్క. గొల్లభామ సంయుక్త నేత్రంలో నల్లని చుక్క ఒకటి కనబడుతుంది. ఎటు నుంచి చూసినా అది మనవైపే చూస్తున్నట్టు జరుగుతుంది. అది కనుపాప కాదు. మన దిక్కుకు సూటిగా తిరిగి ఉన్న చిన్న కంటి గొట్టాలు కాంతిని లోపలికి పీల్చుకోవడం వల్ల కలిగే చీకటి. పురుగు చూపులో మనకు కనిపించిన ఆత్మీయత మనం నిలుచున్న చోటు.

జీరంగి, తూనీగ

అయితే చచ్చిపడినవాటినే చిత్రిస్తే సమస్య తీరిపోతుందా? హింస వైపు చాలావరకు తీరుతుంది. సత్యం వైపు మాత్రం పురుగును బట్టి మారుతుంది. జీరంగి పచ్చదనం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, రెక్క డొప్పలోని సన్నని పొరల మీద కాంతి పడి పుట్టింది. కనుక చచ్చినా మాసిపోదు. జపాన్‌లోని హొర్యూజి ఆలయంలో 7వ శతాబ్దపు తమముషి మందిరానికి అతికిన ఇలాంటి పురుగుల డొప్పలు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. వీధిదీపం కింద దొరికిన జీరంగిని వెయ్యి పొరల్లో తీసినా దాని రంగు విషయంలో ఎవరినీ మోసగించినట్టు కాదు. తూనీగ అట్లా కాదు. ప్రాణం పోగానే కళ్ళ రంగు చెదరడం మొదలై, ఒళ్ళు గోధుమరంగుకు దిగుతుంది. చచ్చిన తూనీగను తీసి కంప్యూటర్‌లో నీలం పూస్తే అది బొమ్మ అవుతుంది. తూనీగ నిజం కావాలంటే బతికున్న తూనీగ కావాలి. అది ఇచ్చినన్ని పొరలే దక్కుతాయి. ఏ పురుగును ఏ స్థితిలో చిత్రించవచ్చో నీతి ఒక్కటే నిర్ణయించడం లేదు, పురుగు దేహధర్మం కూడా నిర్ణయిస్తున్నది. రెండూ ఒకే జవాబు ఇవ్వడం ఇక్కడి విశేషం.

భ్రమరకీట న్యాయం ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. తుమ్మెద తెచ్చి గూట్లో పెట్టిన పురుగు, భయంతో దాన్నే తలచి తలచి తానూ తుమ్మెద అవుతుందని ఆ న్యాయం. భాగవతంలోనూ వేదాంత గ్రంథాల్లోనూ అది ధ్యానానికి ఉపమానం. మట్టిగూడు కట్టే కందిరీగలు ఇళ్ళ గోడల మీద చేసేది వేరని ఫ్రెంచి పరిశీలకుడు జాఁ-ఆఁరీ ఫాబ్ర్ 19వ శతాబ్దంలో వేటకందిరీగల మీద రాసిన గ్రంథాల వల్ల లోకానికి బాగా తెలిసింది. ఈగ పురుగును కుట్టి చంపదు. కదలకుండా మాత్రం చేస్తుంది. దాని పిల్ల ఆ తాజా దేహాన్ని తిని పెరిగి ఈగగా బయటికి వస్తుంది. చూసినవారికి పురుగే ఈగ అయినట్టు కనబడింది. మూసిన గూట్లో ఏం జరిగిందో తెలియనప్పుడు పుట్టే వేదాంతానికి ఇది మంచి ఉదాహరణ. చంపకుండా నిశ్చేష్టం చేసి, తాజాగా నిలుపుకుని, తన పని పూర్తి చేసుకునేది ఎవరన్నదీ అక్కడ స్పష్టమే. ఫ్రిజ్ పెట్టుకున్న స్టూడియో ఆ గూటికి దూరం కాదు. ఈగకు పిల్లల ఆకలి అనే కారణం ఉంది.

కనుక చేయదగిన పని పెద్ద సిద్ధాంతమేమీ కాదు. హుక్ చేసినదే. చిత్రం కింద పురుగు పేరుతోపాటు అది ఎట్లా నిశ్చలమైందో రాయడం: చచ్చిపడి దొరికింది, కీళ్ళు మెత్తబరిచి సర్దారు, 625 పొరలు, నూగు దగ్గర చేత్తో సరిచేశారు. లేదా: బతికున్నది, తెల్లవారుజాము, 22 పొరలు, తర్వాత ఎగిరిపోయింది. చెరిగిపోయిన ‘స్యాత్’ ముద్రను ఆ ఒక్క వరుస తిరిగి వేస్తుంది. అట్లా రాయవలసి ఉంటుందని ముందే తెలిసినవాడు ఫ్రిజ్ తలుపు తెరవడానికి కొంత ఆలోచిస్తాడు. ‘చంపి తీసింది’ అని రాయడానికి చెయ్యి ఆడకపోతే అది కూడా ఒక సమాధానమే.

ఆరుద్ర పురుగు దగ్గర ఈ నియమం చాలా కష్టపెడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, వానల వేళ కొద్ది రోజులు పైకి వచ్చే జీవి అది. ఆ కొద్ది రోజుల్లో తినాలి, జతకట్టాలి. ఆగే తీరిక దానికి లేదు. నేల మీద పడుకుని, చేతిలోనే కెమెరా పట్టుకుని, అది చెమ్మటి మన్నులో ఒక గడ్డిపరక దగ్గర తచ్చాడినంతసేపు తీస్తే పది పన్నెండు పొరలు దక్కుతాయి. అందులో ఎర్రటి వీపు స్పష్టంగా వస్తుంది, వెనుక మన్ను రేణువులు కొన్ని వస్తాయి. దారి తడుముకుంటూ గాలిలో ఆడించే ముందరి రెండు కాళ్ళు మాత్రం ఏ పొరలోనూ నిలవక మసకగానే ఉంటాయి.